వాపసు తీసుకోని కార్డుకు రసీదు

2022 జూన్‌లో నన్ను కార్మిక ఆరోగ్య బీమా శాఖా కార్యాలయానికి మేనేజరుగా వరంగల్ వేశారు. పదవీ విరమణకు అప్పటికి రెండేళ్లు మిగిలి ఉన్నాయి. ఫ్యాక్టరీ కార్మికుడి జీతంలోంచి కొంత, యజమాని నుంచి కొంత నెలనెలా చందాగా జమవుతుంది. దానికి బదులు కార్మికుడికీ అతని కుటుంబానికీ ఉచిత వైద్యం. ఎవరికి అర్హత ఉందో, ఎప్పటిదాకా ఉందో తేల్చడం మా పని. బీమా కార్డు ఇంకా రాలేదని కౌంటరు మీద గుద్దినవాళ్లను ముప్పై ఏళ్లలో ఎందరినో చూశాను. వాపసు ఇవ్వడానికి వచ్చినవాడు మాత్రం కొమురయ్య ఒక్కడే.

ఆ డిసెంబరులో నర్సంపేట దగ్గరి పల్లె నుంచి బస్సెక్కి వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, ప్లాస్టిక్ సంచుల ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటర్. వారం కిందటే అక్కడ ఒక షిఫ్టు ఎత్తేశారు. కార్డునూ, మడతపెట్టిన ఒక కాగితాన్నీ నా బల్ల మీద పెట్టాడు.

"నౌకరి పోయింది సార్. బట్టలు, తాళంచెవి కంపెనీల అప్పజెప్పిన. ఇగ ఇవి గూడ నాయి గావు. జర రసీదు రాసియ్యుండ్రి, రేపు ఎవ్వలు నన్ను మాట అనద్దు."

నాకు లోలోపల నవ్వొచ్చింది. పైగా అవతలి గదిలో తనిఖీకి వచ్చిన అధికారులు కూర్చున్నారు. వచ్చే బెనిఫిట్ పీరియడ్‌కు ఎలిజిబిలిటీ ఉందనీ, కార్డు సరెండర్ చేయనక్కర్లేదనీ ఆఫీసు భాషలో గడగడా చెప్పేశాను. "మంచిది సార్" అని దండం పెట్టి వెళ్లిపోయాడు. కార్డు బల్ల మీదే ఉంది.

కాగితం విప్పి చూశాక నా మీద నాకే కోపమొచ్చింది. అది మా డిస్పెన్సరీ డాక్టరు రాసిన రిఫరల్, అంటే పెద్దాసుపత్రికి పంపే ఉత్తరం. అతని భార్యకు గర్భసంచి ఆపరేషన్, జనవరి రెండో వారంలో.

తనిఖీవాళ్లను వదిలేసి, కార్డూ కాగితమూ పట్టుకుని బయటికి పరుగెత్తాను. ఆటో కోసం నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ సంగతేమిటని అడిగితే, "పైసలు జమైనంక చేపిస్త సార్" అన్నాడు.

ఈసారి ఆఫీసు భాష జోలికి పోలేదు. వానకాలం పండించిన వడ్లు ఎప్పుడు తింటారని అడిగాను. యాసంగిలో అన్నాడు. చందా కూడా అంతేనన్నాను. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కట్టింది, జనవరి నుంచి జూన్ దాకా అక్కరకొస్తుంది. ఆ ఆరునెలల్లో డెబ్భై ఎనిమిది రోజుల చందా ఉంటే చాలు, అతనికి అంతకు మించే ఉంది; తర్వాత నౌకరి పోయినా వైద్యం పోదు. మళ్లీ ఎక్కడ చేరినా ఇదే నంబరు.

కొమురయ్య వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు.

"అంటె నేను పండిచ్చిందే నేను తింటానన్నట్టు. ఒకల సొమ్ము గాదు."

"గంతే" అన్నాను.

అయినా రసీదు కావాల్సిందేనన్నాడు. అలాంటి ఫారం మా శాఖలో లేదు. లోపలికి తీసుకెళ్లి, తెల్లకాగితం మీద "కార్డు వాపసు తీసుకోలేదు. ఇది కొమురయ్యదే" అని రాసి, సంతకం చేసి, ఆఫీసు ముద్ర వేశాను. ఆపరేషన్ అనుకున్న వారంలోనే అయింది. ఆసుపత్రి కౌంటరులో ముందు ఆ రసీదు చూపించి, తర్వాతే కార్డు తీశాడట.

"మంచిది సార్" అన్న మాటకు అర్థమైందని అర్థం కాదు, మన కుర్చీకి మర్యాద ఇచ్చారని మాత్రమే. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, ఏ నిబంధన చెప్పినా ఎదుటి మనిషి చేత తిరిగి చెప్పించుకున్నాకే పంపించాను.