నోరీన్ పేడ పరీక్ష

ఎండిన పేడకుప్ప కనబడితే బూటుతో తన్ని చూడందే నోరీన్‌కు కాలు ముందుకు పడదు. ఆస్ట్రేలియాలోని గిప్స్‌ల్యాండ్‌లో ఆ వేసవికి గడ్డి మాడిపోయింది. కిందటేడు నులిపురుగులు పట్టి చచ్చిన దూడల్ని ఆవిడే పాతిపెట్టింది. అవి మేసిన బీడులోకే మళ్లీ కొత్త దూడల్ని తోలబోయాడు మొగుడు క్లెమ్, చర్చికి వెళ్లే తెల్లచొక్కాలో.

“ఇంత ఎండకి పురుగులు వేగి చచ్చుంటాయే!”

“ఏడ్చావులే. ఇందులో చెయ్యి పెట్టు,” అంది నోరీన్.

పైన అప్పడంలా పెళపెళలాడిన పేడ లోపల క్లెమ్ కుడిచేతికి మెత్తగా, చల్లగా తగిలింది.

“పిల్లపురుగులు ఇక్కడ హాయిగా కాపురముంటున్నాయి. ఒక్క వాన పడితే గడ్డిపరకలెక్కి కూర్చుంటాయి. పెద్దావుల్ని తోలు, అవి తట్టుకుంటాయి.”

క్లెమ్ దూడల్ని వెనక్కి మళ్లించాడు. చర్చిలో పాస్టరు చెయ్యి చాస్తే ఎడమచెయ్యి అందించాడు.