లక్క ముద్ర వేసిన జీపు

మా బావ జగపతిరావు చేసినన్ని పనులు మా రఘునాథపల్లి మండలంలో ఇంకెవరూ చేయలేదు. ఒక్కటి కూడా తన చేత్తో చేయలేదు, అది వేరే సంగతి. అరవై తొమ్మిది ఉద్యమంలో హైదరాబాదు చదువు మానేసి ఊరికొచ్చాడు. ఆ ఏడు పరీక్షలే జరగలేదు గనుక, పరీక్ష తప్పని మొనగాడినని జీవితమంతా చెప్పుకున్నాడు. తండ్రి పోయాక మాలీపటేలు అయ్యాడు. శిస్తు వసూలుకు తిరిగేది సుంకరి, లెక్క రాసేది పట్వారీ, ముద్ర గుద్దేది మా బావ.

ఎనభై నాలుగులో సర్కారు పటేల్ పట్వారీలను రద్దు చేసింది. ఇత్తడి ముద్ర మాత్రం బావ దగ్గరే ఉండిపోయింది. గుద్దడానికి కాగితాలు లేక పాపం చెయ్యి దురద పెట్టేది. మా అక్క సరోజన పెట్టిన మామిడికాయ తొక్కు జాడీకి కూడా లక్క పోసి ముద్ర వేశాడంటే నమ్మండి.

ఆ ఖాళీలో పుట్టిందే జీపు. మిలిటరీ వాళ్లు వేలం వేసిన జీపు చట్రం, పాత ట్రాక్టరు ఇంజిను, బొగ్గు గనుల పాతసామాన్లలో దొరికిన టర్బో. టర్బో అంటే మరేం లేదు, ఇంజిను వదిలే పొగతో తిరిగే పంకా. అది ఇంజినులోకి గాలిని బలవంతంగా కుక్కుతుంది. గాలి ఎక్కువైతే డీజిలూ ఎక్కువ కావాలి. వీటన్నిటినీ కలిపి బండి చేసింది పక్క తండా సక్రు. మానుకోటలో లారీ షెడ్డులో పదేళ్లు పనిచేసినవాడు. మా పశువుల కొట్టంలో ఏడాదిన్నర నడుం వంచాడు. బావ కుర్చీ వేసుకుని, సక్రు బోల్టు బిగించేశాక, బిగించు అనేవాడు. అందుకే ఊరంతా తిరిగి "నేను చేసిన బండి" అని చెప్పుకొచ్చాడు.

మొదట్లో జీపు ఎత్తు ఎక్కితే చాలు, దగ్గి ఆగిపోయేది. సక్రు లోపాలను ఒక్కొక్కటే పట్టుకున్నాడు. సన్న గొట్టం తీసి లావు గొట్టం వేశాడు. వడపోత మార్చాడు. గొట్టంలో చిక్కిన గాలిని, నురుగు పోయేదాకా చేతిపంపు కొట్టి బయటికి తీశాడు. చివరికి డీజిలు డబ్బా మూతకు సూదిమొనంత బెజ్జం పెట్టాడు. డీజిలు తగ్గేకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి, లేకపోతే డీజిలు కదలదు. ఆ తర్వాత నెల రోజులు జీపు ఎక్కడా ఆగలేదు.

నెల తిరిగేసరికి బావ డీజిలు ఖర్చు చూశాడు. టర్బో తాగుతోందని సక్రు చెప్పాడు. కాదు, సక్రే అమ్ముకుంటున్నాడని బావ తేల్చాడు. అనుమానం ముందు పుట్టి మా బావ తర్వాత పుట్టాడు. పెద్ద డబ్బా అయితే ఎక్కువ పోతుందని మొదటే పది లీటర్ల రేకు డబ్బా పెట్టించిన మనిషి ఆయన. ఇప్పుడు రోజూ తానే అంచులదాకా నింపి, మూత చుట్టూ లక్క పోసి, బెజ్జం మీద కూడా పోసి, ముద్ర గుద్దడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లకు ముద్రకు పని దొరికింది. ఆయన మొహం చూడాలి అప్పుడు.

బెజ్జం మూస్తే బండికి ఊపిరాడదని సక్రు మొత్తుకున్నాడు.

"టర్బో గాలి కొడ్తనే ఉన్నది గదరా, ఇంకెంత గాలి గావాలె దానికి?" అన్నాడు బావ.

నేను పక్కనే ఉండి తలూపాను. ఆయన ఇంట్లో తింటున్నాను మరి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఊళ్లో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగినన్నాళ్లూ బండి ఎలాగో నడిచింది. ఎనభై ఏడులో మండలాల ఎన్నికలు వచ్చాయి. పోయిన పటేల్గిరీ మండలాధ్యక్ష పదవిగా తిరిగొస్తోందని బావ ఉవ్విళ్లూరాడు. నామినేషన్లకు ఆఖరి రోజు మధ్యాహ్నం మూడులోపు రఘునాథపల్లిలో కాగితం ఇవ్వాలి. పన్నెండు కిలోమీటర్ల మట్టిబాట, బస్సు లేదు. ఆయన పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది నేనే. ముందురోజే ఇచ్చేద్దామన్నాను. ఆఖరి రోజైతే అందరూ ఉంటారు, జీపు చప్పుడు అందరూ వినాలి అన్నాడు.

స్టీరింగు దగ్గర సక్రు, పక్కన బావ, వెనక నేను, ఒంటిగంటకు బయల్దేరాం. రెండు కిలోమీటర్లకు ఆగింది. లక్క సందుల్లోంచి కాస్త గాలి దూరిందేమో, పావుగంటకు మళ్లీ లేచింది. ఇంకో రెండు కిలోమీటర్లకు చెలకల మధ్య పూర్తిగా చచ్చింది. సక్రు ఎంత తిప్పినా లేవలేదు, గంట రెండు దాటింది. చెలకల్లో పనిచేసేవాళ్లు బాట మీదికి వచ్చి చుట్టూ నిలబడ్డారు. బావ దిగి, వాళ్లందరి ముందు సక్రు వైపు వేలు చూపించాడు.

"డీజిల్ అమ్ముకున్నవ్ రా నువ్వు. మీ తండోళ్ల బుద్ధి ఏడికి పోతది?"

సక్రు సీటు లేపి డబ్బా చూపించాడు. కరువునాటి బచ్చన్నపేట ఎద్దు డొక్కల్లాగా రెండు పక్కలా లోపలికి పీక్కుపోయి ఉంది. ముద్ర చెక్కుచెదరలేదు.

"నీ ముద్ర నువ్వే పలగ్గొట్టు పటేలా. నేను ముడితే దొంగనైత."

బావ వాచీ చూశాడు, ముద్ర చూశాడు, జనాన్ని చూశాడు. పగలగొడితే పదిమందిలో తప్పు ఒప్పుకున్నట్టు, పగలగొట్టకపోతే మండలం పోయినట్టు. పది నిమిషాలు అలా నిలబడి, చివరికి రాయి తీసుకున్నాడు. లక్క పగిలి, మూత తిరగగానే డబ్బా బుస్సున ఊపిరి పీల్చుకుంది. పక్కలు దబ్బుమని బయటికొచ్చాయి. సక్రు పుల్ల ముంచి తడి ఎంతవరకు ఉందో అందరికీ చూపించాడు. తొమ్మిది లీటర్లకు తక్కువ లేదు.

తర్వాత చేతిపంపు కొట్టి, గొట్టంలో గాలి తీసి, ఇంజిను లేపాడు. మళ్లీ ఆగకుండా వేగం పిడి లాగి పెట్టాడు. ఆ జీపు అంత బాగా మోగడం నేనెప్పుడూ వినలేదు. రెండున్నర అయింది, మిగిలింది ఎనిమిది కిలోమీటర్లు. బావ ఎగిరి ముందుసీట్లో కూర్చుని కండువా సర్దుకున్నాడు.

సక్రు ఎక్కలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుని, ఆ గుడ్డ బానెట్టు మీద పెట్టి, తండా దారి పట్టాడు. ఎక్కడికిరా అని బావ కేకేశాడు.

"నువ్వు చేసిన బండే గద పటేలా. నువ్వే నడుపుకో."

మా బావకు నడపడం రాదు. స్టీరింగు పట్టడం నౌకరు పనని ఏనాడూ ముట్టలేదు. నాకు సైకిలే అంతంతమాత్రం. గుంపులో నడపడం వచ్చినవాడు ఎవడైనా ఉన్నా, నోరు విప్పలేదు. పోనీ ఆపేద్దామంటే అదీ తెలియదు. తాళం తిప్పితే ఆ డీజిలు ఇంజిను ఆగదు, ఆపే తీగ ఎక్కడుందో సక్రుకే తెలుసు. నేనేదో బొత్తాం నొక్కితే హారన్ మోగింది.

ఇంటికైనా నడిచిపోదాం పద అన్నాను. నడుస్తున్న జీపును వదిలి నడుచుకుంటూ పోతే జనం నవ్వుతారన్నాడు. మూడయింది. నాలుగయింది. నామినేషన్ కాగితం ఒళ్లో పెట్టుకుని ఆయన అలాగే కూర్చున్నాడు. పొద్దుగూకేదాకా టర్బో ఈల వేస్తూ తాగింది. డబ్బా అడుగంటాక రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఒక్క చుక్క కూడా దొంగల పాలు కాలేదు. అంతా మా బావ కళ్లముందే ఖర్చయింది.