ఫ్రెంచి పిల్ల పాడింది, కాలనీ ఉరికింది

ఆ రోజుల్లో గోదావరిఖనిలో పాటల దుకాణం పెట్టినవాడికి తాను సగం సంగీత విద్వాంసుడినన్న భ్రమ ఉండేది. నాకైతే పూర్తిగానే ఉండేది. డిగ్రీ అయిపోయింది, సీడీలు కొత్తగా వచ్చాయి, మా కాలనీ నుంచి బాయికి (మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటాం) పోయే రోడ్డు మీద ఒక రేకుల డబ్బా దొరికింది. ఆ బాయిలోనే పనిచేసే మా బాపు (నాన్న), "పాటలమ్ముకొని బతుకుతవారా? సరే, నీ ఇష్టం" అని తువ్వాల దులుపుకుని డ్యూటీకి పోయాడు. దాన్ని ఆశీర్వాదంగా తీసుకున్నాను.

హైదరాబాద్‌లో టోకున కొనుక్కొచ్చిన సరుకు అడుగున ఒక విదేశీ సీడీ వచ్చింది. అట్ట మీద పదహారు పదిహేడేళ్ల పిల్ల. రాసిన వాటిలో ఒక్క ముక్క నాకర్థం కాలేదు. మా బావ (కంప్యూటర్ నేర్చుకుంటున్నాడు కాబట్టి లోకంలో అతనికి తెలియనిది లేదు) నెట్ సెంటర్‌లో వెతికి వచ్చి, "గీమె ఇప్పుడు ఇంగ్లీషుల పాడి మస్తు ఫేమస్ అయింది. ఇది చిన్నప్పుడు ఫ్రెంచిల పాడిన ఆల్బమ్. అన్నీ ప్రేమ పాటలే" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. సినిమా పాటలు ఎవడైనా వేస్తాడు, నా దుకాణం ఫ్రెంచితోనే తెరుచుకోవాలని తీర్మానించాను.

కొబ్బరికాయ కొట్టి, డబ్బా మీద కట్టించిన మైకు బూరలోకి పాట వదిలాను. ముందు సంగీతం లేదు, తాళం లేదు. ఆ పిల్ల ఒక్కతే గొంతెత్తి రాగం తీసింది. పైకి పోయింది, విరిగింది, వెక్కింది, మళ్లీ అందుకుంది. నేను కళ్లు మూసుకుని తల ఊపాను.

మా వైపు ఇంట్లో చావు జరిగితే ఆడవాళ్లు ఉత్తగా ఏడవరు. పోయినవాళ్లను పేరుపేరునా పిలుస్తూ, రాగం తీసి శోకాలు పెడతారు. ఆ ఫ్రెంచి పిల్ల అచ్చం అట్లాగే ఏడ్చింది. కాలనీ చేరేసరికి మాటలన్నీ గాలికి పోయి ఏడుపొక్కటే మిగిలింది. అది కూడా బాయి దిక్కు నుంచి వస్తోంది. ఇక చెప్పేదేముంది!

కళ్లు తెరిచేసరికి కాలనీ ఆడవాళ్లందరూ నా దుకాణం వైపే పరుగెత్తి వస్తున్నారు. ఫ్రెంచికి ఇంత గిరాకీయా అని నోరు తెరిచి, సౌండు ఇంకాస్త పెంచాను. వాళ్లు నన్ను దాటుకుని పోయారు. వెనకాల మా అవ్వ (నన్ను కన్నతల్లి), చేతులకు జొన్నపిండి, కాళ్లకు చెప్పుల్లేవు.

"అవ్వా, దుకాణం ఇటు!" అన్నాను.

"నీ దుకాణం పాడుగాను! శోకాలు ఇనవడ్తలేవారా? బాయిల రూఫ్ పడ్డదంట. మీ బాపు లోపలున్నడురా!"

నేనూ పరుగెత్తాను. (పాట ఆపాలని కూడా తోచలేదు. తోచి ఉంటే కథ అక్కడే తేలిపోయేది. నిజానికి ఆ క్షణంలో నాకూ అవి శోకాల్లాగే వినిపించాయి.)

గేటు దగ్గర కావలి కాసే అన్న మాకంటే భయపడి ఉన్నాడు. "నాకేం తెల్వదక్కా, ఏమైందో మీరే చెప్పున్రి" అంటున్నాడు. అంతలో షిఫ్టు దిగి మొదటి గుంపు బయటికి వచ్చింది. తల నుంచి కాలి దాకా అందరూ ఒకే నలుపు. ఎవరు ఎవరో తెలియక ఆడవాళ్లు కళ్లు చిట్లించి చూస్తున్నారు. అవ్వ నడకను బట్టి పోల్చుకుంది. పోల్చుకుని, గేటు కడ్డీలు పట్టుకుని, బాపును పేరు పెట్టి పిలిచింది.

మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. పుట్టి బుద్ధెరిగాక అవ్వ నోట ఆ పేరు నేను వినలేదు. (ఇక్కడ రాయను, రాస్తే ఇప్పటికీ ఊరుకోదు.) బాపు చేతిలోని టిఫిన్ డబ్బా కింద పడింది. ఆ పేరుగలవాడు ఇంకెవడైనా ఉన్నాడేమోనని పాపం వెనక్కి తిరిగి చూశాడు. అవ్వ పోయి రెండు చేతులూ పట్టుకుంది. ఆమె చీరకు బొగ్గు, ఆయన చొక్కాకు పిండి.

గోల సద్దుమణిగాక, రోడ్డు మీద నుంచి ఆ పిల్ల మళ్లీ రాగం అందుకోవడం అందరికీ వినిపించింది. ఎదురింటి పెద్దవ్వ చెవి రిక్కించి, "గా ఏడుపేనే! వీని డబ్బాలకెల్లే వస్తున్నది!" అంది. కాలనీ మొత్తం నా వైపు తిరిగింది.

"పానాలు తీస్తివి గదరా! ఏం పాటరా అది?"

"ఫ్రెంచి, పెద్దవ్వా. ప్రేమ పాట."

"ప్రేమకు గంత ఏడుపెందుకురా దానికి?"

బాపు తంతాడనే అనుకున్నాను. ఆయన మాత్రం స్నానం కూడా చేయకుండా వచ్చి దుకాణంలో స్టూలు మీద కూర్చుని, పాట ఆసాంతం విని, "ఇంకోసారి పెట్టు" అన్నాడు.

దుకాణం తర్వాత ఫోన్ల రీచార్జిలకు మారింది, బాపు రిటైరయ్యాడు. ఇప్పుడు బాపును చూపించడానికి ముగ్గురం దవాఖానకు పోతే, చీటీ రాసేటాయన "పేషెంటు పేరేంది?" అని అడుగుతాడు. అవ్వ నా వైపు చూస్తుంది. బాపు మాత్రం, "ఆమెనే చెప్పనియ్యి సార్, ఆమెకు మస్తు గట్టిగ చెప్పొస్తది" అంటాడు. అవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంటుంది. ఎవరి గొంతులో ఏముందో అంతా తెలిసినట్టు కళ్లు మూసుకుని తల ఊపిన ఆ పాటల దుకాణం కుర్రవాడు గుర్తొచ్చి, నేను నవ్వుకుంటూ పేరు చెబుతాను.