నోట్లో నానిన నువ్వుగింజ

నగర్తపేటలో పాపక్కకు తెలియని సంగతి ఒకటుందంటే, అది ఇంకా జరగలేదని అర్థం. సందు మొదట్లో ఆమె ఇల్లు, ఇంటి ముందు అరుగు, అరుగు మీద రాట్నం. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా మగ్గాలవాళ్ళకు పట్టుదారం కండెలు చుట్టేది. చేతులు దారం మీద, కండ్లు సందు మీద. ఎవరింటికి ఎవరొచ్చినారు, ఎవరి కోడలు ఎందుకు అలిగింది, రేషను బియ్యం వరసలో ఎవరు ఎవరిని తోసుకుని ముందుకు పోయినారు, అన్నీ ఆ అరుగు మీద నుంచే సందంతా పాకేవి. పాపక్క నోట్లో నువ్వుగింజ నానదని వెనకాల అందరూ అనేవాళ్ళు. ముందర అనే ధైర్యం ఎవరికుంటుంది? ఆమెతో పని పడని ఇల్లు లేదు మరి.

ఆ పనేమంటే పెండ్లి విచారణ. పిల్లను చూసిన మగపెండ్లివాళ్ళు తిన్నగా ఊరికి పోరు. పిల్ల ఉండే వీధిలో ఒక పెద్దామె ముందర ఆకువక్క పెట్టి, ఆ ఇంటి గుట్టుమట్లు అడిగి పోతారు. ఆ సందుకు ఆ పెద్దామె పాపక్కే. ఉండేది ఉన్నట్లు చెప్తానని ఆమెకు మహా గొప్ప. ఆ గొప్పకు అప్పటికే రెండు సంబంధాలు ఆమె అరుగు దిగకముందే తప్పిపోయినాయి.

ఇంత నిజం మాట్లాడే పాపక్క ఒకే ఒక్క అబద్ధాన్ని పదకొండేండ్లుగా సాకుతా ఉండింది. మొగుడు వెంకటగిరియప్ప కోలారు గనుల్లో మేస్త్రీ అని, సెలవు దొరకదని, అయినా ఉగాదికి చీర పంపడం మాత్రం మరువడని చెప్పుకునేది. నిజానికి ఆ మహారాయుడు ఇంకొకామెను వెంటబెట్టుకుని ఆనేకల్ పోయి, అక్కడ మగ్గం వేసుకుని హాయిగా ఉన్నాడు. చీర ఈమే చిక్కపేటలో కొనేది. తనే కాగితంలో చుట్టి, తనే దారం కట్టి, తనే నలుగురి ముందర విప్పి, "కోలారు నుంచి వచ్చింది చూడండే" అని మురిసిపోయేది. అంత శ్రద్ధగా ఏ మొగుడూ పెండ్లానికి చీర పంపి ఉండడు.

యుద్ధం రోజులు, నలభై నాలుగో సంవత్సరం. మంగళవారం మంగళవారం ఆ సందుకు ఎస్తేరమ్మ అని ఒకామె వచ్చేది. తెల్లచీర, గొడుగు, చంకలో నల్ల అట్ట పుస్తకం. ఇంటింటికీ పోయి ఆడవాళ్ళకు యేసుస్వామి సంగతులు చెప్పడం మిషనువాళ్ళు ఆమెకిచ్చిన పని. సందులో ఎవరూ ఆ మతంలో కలవలేదు గానీ, ఎండన పడి వచ్చిందని మజ్జిగ మాత్రం ఇచ్చేవాళ్ళు. ఆ మజ్జిగ తాగేది పాపక్క అరుగు మీదే.

ఒక మంగళవారం ఎస్తేరమ్మ అనింది: "దేవునికి తెలియంది లేదు పాపక్కా. జరిగింది, జరగబోయేది, మనసులో దాచుకునింది, అన్నీ తెలుసు. మాట నీ నాలుక మీదికి రాకముందే తెలుసు. నీ తలమీద వెంట్రుకలెన్నో అదీ తెలుసు."

పాపక్కకు రోషం వచ్చింది. తన సందులో తనకే పోటీనా?

"పొద్దున దువ్వినప్పుడు ఎనిమిది ఊడినాయి. అవి తీసేసే లెక్కపెట్టినాడా?"

"తీసేసే" అనింది ఎస్తేరమ్మ, మజ్జిగ తాగుతా.

"సరే, నా గుప్పిట్లో ఏముండాదో చెప్పమను." గుప్పిట్లో ఏమీ లేదు. అదే పాపక్క ఎత్తు.

"ఆయనకు తెలుసు. నాకు తెలీదు."

"నీకు చెప్పడా?"

"చెప్పడు."

"పోనీ ఎవరికన్నా చెప్తాడా?"

"ఒకరి సంగతి ఒకరికి చెప్పుకుంటా తిరిగే దేవుడు కాదులే పాపక్కా."

ఆ మాటతో పాపక్క రోషమంతా జాలి అయిపోయింది. "అయ్యో పాపం. ఇన్ని తెలిసి ఒక్కటీ చెప్పకుంటే, తెలిసి ఏం సుఖం? కడుపు ఉబ్బిపోదా ఆయనకు?" అనింది. పక్కింటి సావిత్రమ్మ తన వాకిట్లో బియ్యం చెరుగుతా చేట ఆపి పకపకా నవ్వింది.

నవ్వేవాళ్ళు ఉంటే పాపక్క ఆగుతుందా? "అట్లయితే మా ఇంటాయన ఇప్పుడేం చేస్తా ఉండాడో కూడా తెలుసా?" అని నోరు జారింది.

ఎస్తేరమ్మ లోటా దించింది. "తెలుసు. ఆ మాట ఇప్పుడు వద్దులే" అని గొడుగు తీసుకుంది. సావిత్రమ్మ నవ్వు ఆపి గబగబా చెరగడం మొదలుపెట్టింది.

పాపక్క రాట్నం వదిలి లేచింది. ఇంకొకరి మొహాలు చదివి బతికే మనిషికి ఎస్తేరమ్మ మొహం చదవరాదా? వెంటపడి సందు మలుపులో పట్టుకునింది.

"నీకేం తెలుసు, చెప్పు."

"గురువారాలు ఆనేకల్ పోతాను. ఒక మగ్గం ఇంట్లో నీళ్ళడిగి తాగుతాను. నగర్తపేట అనేసరికి ఆయనే నీ పేరెత్తి అడిగినాడు."

"ఎన్నాళ్ళయింది?"

"మూడేండ్లు."

"ఎవరెవరితో చెప్పినావు?"

"దేవునితో చెప్పుకున్నా. ఆయనకు ముందే తెలుసు."

మూడేండ్లు! పాపక్క నోట పడిన సంగతి మూడు గంటల్లో అవెన్యూ రోడ్డు దాటేది. ఆ వారమంతా పాపక్క రేషను వరసలో, కొళాయి దగ్గర, పూలంగడి దగ్గర ఒక్కొక్క మొహాన్నీ వెతికింది. సంగతి బయటపడితే ఆ ఉగాది చీరలన్నీ కట్టుకుని ఎట్లా తిరగాలి? కానీ ఎక్కడా ఒక్క మూతి వంకర కాలేదు. ఎస్తేరమ్మ నిజంగానే నోరు విప్పలేదు. భయం తగ్గేకొద్దీ సిగ్గు మొదలైంది. తన నోటి వల్ల సంబంధం తప్పిన ఆ ఇద్దరు పిల్లలు గుర్తొచ్చినారు. వాళ్ళ గురించీ ఆ దేవుడికి అంతా తెలిసే ఉంటుంది, ఆయన మాత్రం అరుగెక్కి చెప్పలేదు గదా అనుకునింది.

సరిగ్గా అప్పుడే సావిత్రమ్మ కూతురు జయమ్మను చూసేదానికి హొసకోట నుంచి వచ్చినారు. పిల్ల నచ్చింది. అయితే జయమ్మకు ముందేడు అవ్వగారి ఊర్లో ఒక సంబంధం కుదిరి, తాంబూలాలు మార్చుకున్నాక, పెండ్లి వారముందనగా ఆ పిల్లవాడు ఇంట్లో చెప్పకుండా పోయి యుద్ధానికని పట్టాళంలో చేరినాడు. దాంట్లో పిల్ల తప్పేముంది? ఏమీ లేదు. అయినా లోకం పిల్లకే పేరు పెడుతుంది. ఈ సంగతి సందులో పాపక్కకొక్కదానికే తెలుసు. ఆమెకు తెలుసని సావిత్రమ్మకూ తెలుసు. అందుకే పెండ్లికొడుకు చిన్నాయన అశ్వత్థప్ప ఆకువక్క తట్టతో పాపక్క అరుగెక్కుతుంటే, ఆ తల్లి తన వాకిట్లో కొంగు నులుముకుంటా నిలబడిపోయింది.

"ఆ ఇంటి సంగతులేమక్కా? ఏదున్నా చెప్పు" అన్నాడు అశ్వత్థప్ప.

పాపక్క రెండు ఆకులు మడిచి నోట్లో కుక్కుకునింది. నమిలింది. మళ్ళీ నమిలింది. సంగతి నాలుక చివరికి వచ్చి కూర్చుని దిగనంటా ఉంది.

"నాకేం తెలీదప్పా" అనింది చివరికి.

అశ్వత్థప్ప తెల్లబోయినాడు. "నీకు తెలీదా? సందంతా నిన్నే అడగమనిరి. నువ్వే తెలీదంటివంటే, నోటితో చెప్పరాని సంగతే ఏదో ఉండాల" అని లేచి చెప్పుల్లో కాళ్ళు దూర్చినాడు.

చూడండి ఖర్మ. బుద్ధెరిగినాక మొదటిసారి నోరు మూసుకుంటే ఇట్లయింది. దేవుడు ఊరుకుంటే గౌరవం, పాపక్క ఊరుకుంటే అనుమానం. అక్కడ సావిత్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. పాపక్క ఆకువక్క ఉమ్మేసి లేచింది.

"కూర్చోప్పా. ఏదో ఒకటి వినకుండా నువ్వు పోయేటట్లు లేవు. విను. నా మొగుడు కోలారులో లేడు. పదకొండేండ్లుగా ఆనేకల్లో ఇంకొకామెతో ఉండాడు. ఉగాది చీర నేనే కొనుక్కుని నేనే పంపించుకుంటా. నా కొంపలోదే దాచనిదాన్ని, పక్కింటిది దాస్తానా? జయమ్మ బంగారం లాంటి పిల్ల. అది మాత్రం నాకు బాగా తెలుసు."

అశ్వత్థప్ప చెప్పుల్లోంచి కాళ్ళు తీసినాడు. విచారణకు పోయినచోట అడగని నిజం ఇంత చెప్పినవాళ్ళను ఆయన చూడలేదు. "ఇంక అడిగేదేమీ లేదు తల్లీ" అని చేతులు జోడించి, సావిత్రమ్మ వాకిటికి పోయి, తాంబూలాలకు మంచిరోజు చూస్తామని చెప్పిపోయినాడు.

పాపక్క అరుగు మీద చతికిలబడింది. ఇంక రేపు పొద్దున ఈ సందులో ఏ మొహంతో తిరగాలా అని ఏడుపొచ్చింది. సావిత్రమ్మ వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునింది. ఆమె కండ్లలోనూ నీళ్ళే.

"ఇన్నేండ్లు మేమందరం దాచిపెట్టిన సంగతి, నువ్వే చెప్పేస్తివి గదా పాపక్కా."

"మీరా?"

"ఆయప్ప ఆనేకల్ పోయిన వారానికే అందరికీ తెలుసు. నువ్వు చిక్కపేటలో చీర బేరం చేసేటప్పుడు కెంపమ్మ వెనకాలే ఉండింది. నీకు కష్టమవుతుందని ఎవ్వరం అనలేదు. చీర బాగుండాదని మాత్రం ప్రతి ఉగాదికీ చెప్తా వస్తిమి."

మంగళవారం ఎస్తేరమ్మ వచ్చింది. పాపక్క మజ్జిగ ఇచ్చి, రాట్నం ఆపి అడిగింది.

"ఈ సందంతా కలిసి నా గుట్టు దాచినట్లు మీ దేవుడికి తెలుసా?"

"తెలుసు."

"మొదట్నుంచీ?"

"మొదట్నుంచీ."

"మిగతావన్నీ ఆయన ఎవరికీ చెప్పకపోతే పోయె. ఈ సందులో నాకొక్కదానికే తెలీని సంగతి ఒకటుండాదని నాకు మాత్రం చెప్పుండాల్సింది" అని రాట్నం తిప్పింది పాపక్క.

ఆ తర్వాతి ఉగాదికి పాపక్క చిక్కపేట పోలేదు. పండగ పొద్దున తలుపు తీస్తే అరుగు మీద కాగితంలో చుట్టి, దారం కట్టి ఒక చీర ఉండింది. ఎవరు పెట్టినారో కనుక్కుందామని పాపక్క అప్పటికప్పుడు సందులో ఇల్లిల్లూ ఎక్కి దిగింది. తెలీదన్నారు అందరూ.