బంగారు రేకులకు పదకొండుమంది, అరుంధతికి ఒక్కడు

సాక్షి మాటను నేను ఊరికే నమ్మను. ఉద్యోగ జీవితమంతా సబ్ రిజిస్ట్రారుగా గడిపినవాడికి అది గుణం కాదు, అలవాటు. అమ్మేవాడు, కొనేవాడు, వారిని ఎరుగుదుమని చెప్పే సాక్షులు నా బల్ల ముందు వరుసగా నిలబడేవారు. ఆ సాక్షులలో ఒకడు తరచుగా అమ్మేవాడి తోడల్లుడై ఉండేవాడు. ఇంకొకడు ఎదుటి హోటల్లో అప్పుడే పూరీ తిని వచ్చినవాడు. చుట్టరికం ఏమిటి, పూరీ ఎవరు పెట్టించారు అన్న రెండు ప్రశ్నలూ అడగనిదే నేను ముద్ర వేయలేదు. నా గుమాస్తాలు దీనిని చాదస్తమన్నారు. నేను క్రమమన్నాను.

ఆక్లండ్‌లోని ఫ్లాట్ బుష్‌లో మా అమ్మాయి కొన్న కొత్త ఇంటికి నేనూ నా భార్యా వచ్చి చేరిన తొలి సంవత్సరాలవి. మనురేవాలో నా బావమరిదికి ఒక డెయిరీ ఉండేది. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు. రొట్టె నుంచి బ్యాటరీ దాకా అమ్మే వీధి మలుపు దుకాణాన్ని ఈ దేశంలో అలా అంటారు. ఒకరోజు అతడు దుకాణం తన భార్యకు అప్పగించి మా ఇంటికి వచ్చాడు. వెనుక అతని కూతురు కూడా ఉంది. ఆసుపత్రిలో నర్సు. ఎప్పుడూ గలగల మాట్లాడే పిల్ల ఆరోజు సోఫా అంచున ఒదిగి కూర్చుంది.

"బావగారూ, పిల్ల ఒక అబ్బాయిని చూసుకుంది. తనతో పాటే పనిచేస్తాడు, ఫిజియోథెరపిస్టు. సమోవా దీవుల వాళ్ళు. కుర్రాడిలో వంక లేదు. కానీ మోర్మన్లట."

"అయితే?"

"వాళ్ళ మతం మొదలైందే బంగారు రేకుల గ్రంథంతోనట. దేవదూత చూపించాడంటారు. ఇదేంట్రా అంటే, సాక్షులున్నారు అంకుల్ అంటాడు. సాక్షుల సంగతి నాకేం తెలుసు బావగారూ. మీరు వాడితో మాట్లాడండి. మీరు సరే అంటే సరే, కాదంటే ఇంతటితో ఆపేద్దాం."

పిల్ల తల ఎత్తి నా వైపు చూసింది. "మావయ్యా, తనకి ముప్పై మార్కులకి పాస్ చేసేయండి, ప్లీజ్."

నేను ముప్పై మార్కులకు ఎవరినీ గట్టెక్కించినవాడిని కాను. ఆ సంగతి ఆమెకు తెలుసు.

ఆ అబ్బాయి శనివారం మేనకోడలితో కలిసి వచ్చాడు. ఆదివారం చర్చి ఉంటుందట. చెప్పిన వేళకు సరిగ్గా తలుపు తట్టాడు. చొక్కా మడతలు నిటారుగా ఉన్నాయి. తప్పు పట్టుకోవడానికి చోటు దొరకక నాకు కొంచెం చిరాకు కలిగిందని ఒప్పుకోవాలి. నా భార్య ఫిల్టరు కాఫీ తెచ్చింది. అతడు రెండు చేతులూ జోడించి, తమ మతంలో కాఫీ, టీ తాగరని చెప్పాడు.

ఆమె వంటగదిలోకి నన్ను పిలిచింది. "దేవదూతల సంగతి తర్వాత చూడొచ్చు. కాఫీ తాగని మనిషి అల్లుడెలా అవుతాడండీ?"

మజ్జిగ ఇచ్చాము. రెండు గ్లాసులు తాగాడు. ఆమె పక్షం ఆ క్షణాన మారింది.

మా మాటలన్నీ ఇంగ్లీషులో సాగాయి. అతడు విషయాన్ని వరుసగా చెప్పాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఒక యువకుడు, దేవదూత దారి చూపగా, ఒక గుట్టలోంచి బంగారు రేకుల గ్రంథం తీశానన్నాడు. దేవదూత ఆ రేకులను తమకు చూపించాడని ముగ్గురు సంతకాలు చేశారు. రేకులను చేతులతో పట్టుకుని చూశామని మరో ఎనిమిదిమంది సంతకాలు చేశారు.

"ఆ ఎనిమిదిమందికీ అతనికీ చుట్టరికం?" అన్నాను.

అతడు దాచలేదు. "ముగ్గురు ఆయన తండ్రీ, సోదరులూ. నలుగురు మరో ఇంటి అన్నదమ్ములు. ఎనిమిదో ఆయన ఆ ఇంటి అల్లుడు. మొదటి ముగ్గురిలోనూ ఒకరు ఆ అన్నదమ్ములలోని వారే."

తోడల్లుళ్ళ కాలం కళ్ళ ముందు కదిలింది. "అప్పట్లో ఆయన భోజనం ఎక్కడ?"

"ఆ అన్నదమ్ముల ఇంట్లోనే ఉండేవారు అంకుల్."

"అంటే పూరీ సాక్షులే పెట్టించారన్నమాట. తలకిందులైనా సంబంధం సంబంధమే."

పూరీ సంగతి అతనికి అర్థం కాలేదు. మేనకోడలు నవ్వు ఆపుకుంటూ వివరించింది. అతడు, "కానీ తరువాత వారిలో చాలామంది ఆయనతో తగవుపడ్డారు. ఆ ముగ్గురూ దూరమయ్యారు. ఇద్దరు తిరిగి వచ్చారు, ఒకరు రానేలేదు. అయినా మేము అబద్ధం చెప్పామని ఎవరూ అనలేదు," అన్నాడు.

ఇక్కడ నేను ఆగవలసి వచ్చింది. పొలం గట్టు దగ్గర మాట తేడా వస్తే చాలు, నిన్నటి సాక్షి నేడు వచ్చి ఆ సంతకం నాది కాదని ప్రమాణం చేయడం నేను ఎన్నోసార్లు చూశాను. తగవుపడ్డాక కూడా మాట మార్చని చుట్టం నా కార్యాలయంలో అరుదు. అయితే వారిలో ఒకరు, తాను చూసినది మనోనేత్రంతోనే అన్నట్లు చెప్పుకుంటారని నేను గ్రంథాలయంలో చదివి ఉన్నాను. అది కూడా అడిగాను. అలా చెప్పుకునేవారున్నారని అతడు ఒప్పుకున్నాడు.

"నువ్వు చూశావా?"

"లేదు అంకుల్. నేను నమ్ముతాను. చూశానని ఎప్పుడూ చెప్పలేదు."

విచారణ వాయిదా వేశాను. తరువాతి శనివారమూ వాయిదా పడింది, ఆపైదీ పడింది. సాక్ష్యం అటూ ఇటూ తూగుతూ ఉండగా ముద్ర వేయడం నా వల్ల కాలేదు. మేనకోడలు ఫోనులో, "మావయ్యా, వాళ్ళందరూ చనిపోయి వందేళ్ళు దాటింది. మేమింకా బతికే ఉన్నాం," అంది. ఆ మాటలో వేళాకోళం సగమే.

ఆ రోజులలోనే శాండ్రింగ్‌హామ్‌లో ఒక హాలులో నా భార్యకు దూరపు చుట్టాల పెళ్ళి జరిగింది. మేనకోడలు ఆ అబ్బాయిని కూడా తీసుకువచ్చింది. తాళి కట్టిన తరువాత, మధ్యాహ్నం మబ్బు పట్టి ఉన్న వేళ, పురోహితుడు దంపతులను కార్లు నిలిపే ఆవరణలోకి తీసుకువెళ్ళి ఆకాశంలోకి వేలు చూపాడు. "అరుంధతి కనిపించిందా?" కనిపించిందని వరుడన్నాడు. వధువూ అంది. పురోహితుడు నా వైపు తిరిగి, "పెద్దలు, మీరూ దర్శనం చేసుకున్నారుగా?" అన్నాడు.

"చూశాను," అన్నాను. నమస్కారం కూడా పెట్టాను.

ఆ శనివారం విచారణకు నేను కుర్చీలో కూర్చోగానే, మేనకోడలు నాకెదురుగా కూర్చుంది. ఆ అబ్బాయి పక్కన మజ్జిగతో ఉన్నాడు.

"మావయ్యా, మొన్న పెళ్ళిలో మీరేం చూశారు?"

"అరుంధతిని."

"మధ్యాహ్నం చుక్కలొస్తాయా?"

"అది ఆచారం."

"మబ్బు కూడా ఉంది. పెళ్ళికూతురు మీకేమవుతుంది?"

"మీ అత్తయ్యకు దూరపు..." అని ఆగాను.

"చుట్టం. రాసుకోండి అత్తయ్యా. మరి భోజనం ఎవరు పెట్టారు?"

వంటగదిలోంచి నా భార్య, "పూరీ కూడా వడ్డించారు. ఈయన రెండోసారి అడిగి వేయించుకున్నారు," అంది.

"ఇంకోటి మావయ్యా. నేను నెట్‌లో చూశా. ఆ చుక్క ఉత్తరాన మరీ పైన ఉంటుందట. మనమేమో భూమికి కింద వైపు ఉన్నాం. రాత్రైనా సరే, ఆక్లండ్‌లో అది అసలు పైకే రాదు. ఇన్నేళ్ళుగా ఇక్కడ పెళ్ళి చేసుకున్న తెలుగువాళ్ళంతా దాన్ని చూసేశారు."

అప్పటిదాకా ఊరుకున్న అబ్బాయి మెల్లగా అడిగాడు. "అంకుల్, మీరు అబద్ధం చెప్పలేదు కదా?"

"లేదు," అన్నాను. అది నిజం. ఆ ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలిచి ఒకే వైపు చూడడం చూశాను. నేను చూశానన్నది దానినే. అయితే ఆ మాటను నా బల్ల ముందు ఎవరైనా చెప్పి ఉంటే బయటికి పంపించి ఉండేవాడిని. ఆ అబ్బాయి నవ్వలేదు, గెలిచినట్లు చూడనూ లేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, నా జవాబును నమ్మినట్లు తల ఊపాడు.

బంగారు రేకులను నేను ఆనాడూ నమ్మలేదు, ఈనాడూ నమ్మను. కానీ బావమరిది నన్ను అడిగినది రేకుల గురించి కాదని నాకు ఆలస్యంగా తోచింది. చూడనిదానిని చూశానని చెప్పే మనిషికి పిల్లనివ్వాలా అన్నదే అతని భయం. మా గదిలో అలా చెప్పినవాడు ఒక్కడే ఉన్నాడు, వాడు వరుడు కాడు.

బావమరిదికి ఫోను చేసి, "కుర్రాడు తన సాక్ష్యాన్ని హద్దు దాటనివ్వడు. ముహూర్తం పెట్టించు," అన్నాను. మేనకోడలు లేచి వచ్చి నా భుజం మీద తల ఆనించింది. చెల్లుబాటు కాని సాక్షి భుజమని ఆ సమయంలో గుర్తు చేయలేదు.

పెళ్ళి మనురేవాలో జరిగింది. సమోవా బంధువులు ముందు వరుసలన్నీ నింపేసి, తలంబ్రాలను మాకంటె ఉత్సాహంగా చల్లారు. తరువాత పురోహితుడు అందరినీ ఆవరణలోకి నడిపించాడు. "నాయనా, అరుంధతి కనిపించిందా?"

వరుడు చాలాసేపు ఆకాశం వైపు చూశాడు. నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కలతో నెమ్మదిగా అన్నాడు. "నాకు కనిపించలేదు. మావయ్యగారు చూశారు. నేను నమ్ముతాను."

జనమంతా నా వైపు తిరిగారు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పురోహితుడు ఆశగా, "తమరు చెప్పండి, ఎక్కడ కనిపించింది?" అన్నాడు.

నేను ఉత్తరపు దిక్కు సరిచూసుకుని, నిలిపి ఉన్న కార్ల చక్రాల కిందికి వేలు చూపాను. "అక్కడ ఉంది. భూమి అడ్డుగా ఉంది."