పక్కపక్కన రెండు కాగితాలు

మొన్న నాచారం సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి నారింజ వాసన వచ్చింది. పండు వాసన కాదు. పిల్లల మందుల్లో కలిపే ఎసెన్సు వాసన. తియ్యగా, గొంతుకు అడ్డం పడేలా ఉంటుంది. పారిశ్రామికవాడలో ఎక్కడో సిరప్ తయారవుతున్నట్టుంది. నా పక్కనున్నావిడ ఎవరో నారింజలు వలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూసింది. నేను మాత్రం కిటికీ అద్దం మూసేశాను. ఎన్నేళ్ళయినా ఆ వాసన తగిలితే సత్తయ్య సార్ గుర్తొస్తారు. ఆయన స్కూటరు వెనక కూర్చుని ఘట్‌కేసర్ వెళ్ళిన ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది.

నేను తెనాలి పక్క పల్లె నుంచి ఫార్మసీ డిగ్రీ పట్టుకుని వచ్చి, ఉప్పల్‌లో ఇద్దరు అమ్మాయిలతో కలిసి గది తీసుకుని, నాచారంలో ఒక చిన్న మందుల కంపెనీలో చేరాను. ప్యాకింగ్ హాలు మీద మేడగదిలో మా పని. మందు సీసాలకు అంటించే లేబుళ్ళను సరిచూడాలి. అధికారులు ఒప్పుకున్న అసలు కాగితం కంపెనీ దగ్గర ఉంటుంది. ప్రెస్సువాళ్ళు దాన్ని చూసి లేబుల్ తయారుచేసి నమూనా పంపుతారు. రెండింటికీ ఒక్క అక్షరం కూడా తేడా లేదని మేం చెప్పాకే అచ్చువేస్తారు. ఆ గదికి పెద్ద సత్తయ్య సార్. భువనగిరి వైపు మనిషి. అదే కంపెనీలో సీసాలకు మూతలు బిగించే పనిలో చేరి, సాయంత్రం కాలేజీలో డిగ్రీ చదువుకుని, మెల్లగా మేడమీదికి వచ్చారు. కంప్యూటర్ నలభై దాటాక నేర్చుకున్నారట. రెండు వేళ్ళతోనే టైపు చేసేవారు.

చేరిన మొదటి వారంలో నేను నా వేగం చూపించుకోవాలని తెగ ఉత్సాహపడ్డాను. అసలు కాగితం తెరవడం, ఒక వరుస చదవడం, మీట నొక్కి నమూనాకు వెళ్ళడం, మళ్ళీ వెనక్కి రావడం. తెరమీద కాగితాలు టపటపా మారిపోతున్నాయి. సార్ ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డారో తెలియదు. ఇప్పుడు ఏ అంకె చూశావని అడిగారు. చెప్పాను. అది ఏ కాగితంలో చూశావని అడిగారు. రెండింటిలోనూ చూశాననే అనుకుంటున్నాను, కానీ చూశానో లేదో నిజంగా తెలియదు. ఆయన మౌస్ తీసుకుని అసలు కాగితాన్ని తెర ఎడమ అంచుకు లాగారు. అది సగం తెరలో సర్దుకుంది. నమూనాను కుడివైపుకు లాగారు. రెండూ పక్కపక్కన నిలబడ్డాయి.

"మతిల వెట్టుకోని పోల్చకు బిడ్డా. మతి తప్పును గూడ సక్కగ జేసి సూపెడ్తది. రెండు కాయితాలు కండ్లముందల వెట్టుకో," అన్నారు.

ఆ పద్ధతిలో పని నత్తనడకే. సగం తెరలో అక్షరాలు చిన్నవైపోతాయి. రెండు వైపులా విడివిడిగా కిందికి జరపాలి. ఆయనైతే ఎడమ వరుస మీద ఒక వేలు, కుడి వరుస మీద ఒక వేలు ఆనించి, సున్నాలనూ చుక్కలనూ పైకి చదివేవారు. తెర అద్దం మీద ఆయన వేలిముద్రలు తుడవడం నాకు రోజూ ఒక పని. చదువుకున్న పిల్లని, నాకు ఇదంతా అవసరమా అని లోపల విసుక్కునేదాన్ని.

తెరను రెండు చేయడం మాత్రం నాకు బాగా నచ్చింది. ఆయన చెప్పిన దానికోసం కాదు. ఒక సగంలో ఆఫీసు లేబుల్ పెట్టుకుని, రెండో సగంలో పెద్ద కంపెనీల ఉద్యోగ దరఖాస్తులు నింపుకునేదాన్ని. ఒకే కుర్చీలో కూర్చుని రెండు పనులు చక్కబెడుతున్నానని గర్వంగా ఉండేది. సార్ మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే రెండో సగం మూసేసేదాన్ని.

ఒకరోజు ఆయన కళ్ళ పరీక్షకు వెళ్ళారు. నాకు ఒక దరఖాస్తుకు అదే ఆఖరి రోజు. ప్రెస్సు నుంచి పసిపిల్లల జ్వరం చుక్కల మందు లేబుల్ నమూనా వచ్చింది, వెంటనే చూసి పంపమన్నారు. కుడి సగం దరఖాస్తుకు ఇచ్చేశాను. ఎడమ సగంలోనే అసలు కాగితం ఒకసారి, నమూనా ఒకసారి మార్చి మార్చి చూశాను. అసలులో మోతాదు 0.5 మిల్లీలీటర్లు. అది మనసులో పెట్టుకుని నమూనా తెరిచాను. నా మనసు అక్కడ కూడా 0.5 అనే చదివింది. అక్కడున్నది వట్టి 5. సున్నా, చుక్క రెండూ ఎగిరిపోయాయి. సరిగ్గా ఉందని ప్రెస్సుకు మెయిల్ పెట్టి, దరఖాస్తులో నా మార్కులు నింపడంలో పడిపోయాను.

పది రోజుల్లో లేబుళ్ళు వచ్చాయి. వచ్చిన లేబుళ్ళను నేను ఒప్పుకున్న నమూనాతోనే పోలుస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సీసాలకు అంటించారు, అట్టపెట్టెల్లో సర్దారు. సరుకు బయటికి వెళ్ళడం మొదలైన రోజు మధ్యాహ్నం సార్ కింద హాల్లోంచి ఒక సీసా తెచ్చుకుని, అసలు కాగితం తెరిచి, తెర పక్కన సీసా పట్టుకున్నారు. అది ఆయనకు ఎవరూ చెప్పని పని, అలవాటు. తర్వాత నన్ను పిలిచి అసలు కాగితం ఎడమవైపు, నేను ఒప్పుకున్న నమూనా కుడివైపు పెట్టి చదవమన్నారు. చదువుతూ మోతాదు దగ్గరికి వచ్చాను. ఎడమవైపు 0.5, కుడివైపు 5. ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

"నాకేం జెప్పకు. కిందికి వొయ్యి బండి ఉన్నదా సూడు."

సరుకు బండి అరగంట క్రితమే బయలుదేరింది. డ్రైవర్ యాదగిరి ఫోను మోగుతోంది, ఎత్తడంలేదు. సార్ హెల్మెట్ తీసుకుని నన్నూ రమ్మన్నారు. హబ్సిగూడ మీదుగా ఉప్పల్ చేరేసరికి ఫ్లైఓవరు పిల్లర్ల పని దగ్గర బండ్లు ఒకదాన్నొకటి తాకుతూ నిలిచిపోయాయి. ఆ దుమ్మును, ఆ తవ్వకాలను రోజూ తిట్టుకునేదాన్ని. ఆరోజు మాత్రం మా బండి కూడా అందులోనే ఇరుక్కుని ఉండాలని మొక్కుకున్నాను. సార్ సందుల్లోంచి, ఒకచోట మట్టికుప్ప మీంచి కూడా స్కూటరు పోనిచ్చారు. బోడుప్పల్ దాటాక తెల్లటి వ్యాను కనబడింది. యాదగిరి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తీరిగ్గా కూర్చున్నాడు.

నాకు ఊపిరి వచ్చింది. అన్ని పెట్టెలూ అందులోనే ఉన్నాయి కదా అనుకున్నాను. సార్ మాత్రం అతన్ని అడిగారు, ఈ మందు ఇంతకుముందు ఎక్కడైనా దించావా అని.

"పొద్దుగాల్ల ఒక ట్రిప్పు ఏసిన గద సార్. ఘట్‌కేసర్ల రెండు డబ్బలు దించిన," అన్నాడు యాదగిరి.

సార్ బండిని వెనక్కి పంపించేసి స్కూటరు ఘట్‌కేసర్ వైపు తిప్పారు. దారంతా నేను వెనక కూర్చుని ఐదును సున్నా పాయింట్ ఐదుతో భాగిస్తూనే ఉన్నాను. ప్రతిసారీ పది వస్తోంది. హోల్‌సేల్ ఏజెన్సీలో ఒక పెట్టె సీలు విప్పకుండానే ఉంది. రెండోది స్టేషన్ దగ్గర మందుల షాపుకు వెళ్ళింది. అక్కడ పెట్టెలో ఒక్క సీసా తక్కువ. కొత్త అపార్ట్‌మెంట్లలో పనిచేసే ఒకామె పొద్దున్న తీసుకెళ్ళిందనీ, రింగు రోడ్డు దగ్గర రేకుల గదుల్లో ఉంటారనీ షాపాయన చెప్పాడు.

ఆమె పేరు సునీత. ఇరవై రెండేళ్ళుంటాయేమో. పాలమూరు నుంచి పనికి వచ్చినవాళ్ళు. గది గుమ్మంలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఐదు నెలల పాప కళ్ళు మూసుకుని ఉంది. పక్కన మా సీసా, గదంతా దాని నారింజ ఎసెన్సు వాసన. సార్ చెప్పులు విడిచి, నేలమీద కూర్చుని, మందు ఎంత పోశావమ్మా అని అడిగారు. సీసాతో వచ్చిన ఒక మిల్లీలీటరు డ్రాపర్‌తో నిండా రెండుసార్లు పోశానంది. ఐదు అని రాసి ఉంటే ఐదుసార్లు పోయాలనుకుందట. రెండింటికే పాప కొంచెం కక్కుకుంటే ఆగిపోయిందట.

"అమ్మా, లేబుల్ మీద తప్పు వడ్డది. తప్పు మాది. పాపను దవాఖానాకు తీస్కపోదాం, పా," అన్నారు సార్.

ఆయన అంత సూటిగా చెబుతారని నేను అనుకోలేదు. సునీత మొహంలో రంగు పోయింది. పాపను గుండెకు హత్తుకుని లేచింది. సార్ ఆటో పిలిచారు, నేను ఆమె పక్కన ఎక్కాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ పాపను తూచి, సీసా చూసి, లెక్క వేసి, ప్రాణానికి భయమేమీ ఉండకపోవచ్చుననీ, సాయంత్రం దాకా కనిపెట్టి ఉండాలనీ అన్నది. ఉండకపోవచ్చు అన్న మాట పట్టుకుని మేం ముగ్గురం బల్లమీద కూర్చున్నాం. పాప నిద్రలోనే ఉంది. అది జ్వరం నిద్రో, మందు నిద్రో ఎవరికి తెలుసు? నర్సు వచ్చి నాడి చూసినప్పుడల్లా ఆమె మొహంకేసి చూసేదాన్ని. సునీత సీసాను చేతిలో తిప్పుతూ నన్ను అడిగింది.

"నువ్వు గూడ గా కంపెనీలనే జేస్తవా అక్కా?"

అవునన్నాను.

"గీ రాత ఎవలు రాస్తరు?"

"ప్రెస్సువాళ్ళు," అన్నాను.

నోట్లోంచి అది ఎంత సులువుగా వచ్చిందో. ఆ పక్కనే ఉన్న సార్ విన్నారు. పొద్దు వాలే వేళకు పాప లేచి, కాళ్ళు తన్నుకుంటూ పాలకోసం గుక్కపెట్టి ఏడ్చింది. రక్తపరీక్ష బాగానే ఉంది, తీసుకెళ్ళమన్నారు. సార్ గోడకేసి తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

మర్నాడు సార్ నన్ను జరిగినదాని మీద నివేదిక రాయమన్నారు. ముద్రణలో లోపం జరిగిందని రాశాను. ఆయన దాన్ని తెర కుడివైపు ఉంచి, ఎడమవైపు నేను ప్రెస్సుకు పెట్టిన మెయిల్ తెరిచారు. నమూనా సరిగ్గా ఉంది, అచ్చు వేయవచ్చు అని అందులో ఉంది. కింద నా పేరు.

"ఎడమ దిక్కున్నది కుడి దిక్కుల ఉన్నదా సూడు," అన్నారు.

లేదు. అప్పుడు ఏడ్చాను. దరఖాస్తు సంగతీ, రెండో సగం సంగతీ మొత్తం చెప్పేశాను. ఆయనకు కోపం వచ్చింది. అది మొదటిసారి చూడటం. గొంతు మాత్రం పెంచలేదు.

"తెరను రెండు జేసేది ఒక్క పనిని మంచిగ జేస్తందుకు బిడ్డా. రెండు పనులను సగం సగం జేస్తందుకు గాదు."

నివేదిక మళ్ళీ రాశాను. ఒప్పుకున్నది నేనేననీ, సరిగ్గా పోల్చలేదనీ నా పేరుతోనే రాశాను. దాని కింద ఆయన తన రెండు వేళ్ళతో మరో నాలుగు వరుసలు కొట్టారు. తాను లేని రోజున రెండోసారి చూసే మనిషిని పెట్టకపోవడం తన తప్పని. కంపెనీ యజమానికి ఆ నివేదిక నచ్చలేదు. తప్పు ప్రెస్సు మీద వేసేస్తే సరిపోతుంది, పాప సంగతి ఎందుకు ఎత్తడం అన్నాడు. సార్ ఒప్పుకోలేదు. అధికారులకు ఉన్నదున్నట్టు పంపారు. మందంతా వెనక్కి వచ్చింది, కంపెనీకి నోటీసు వచ్చింది. నెల తిరక్కుండా సార్‌ను ఇంట్లో కూర్చోమన్నారు. నన్ను ఉంచారు. రెండో మనిషిని పెట్టని తప్పు తనదని సార్ రాసిన వరుసలే వాళ్ళకు సరిపోయాయి కాబట్టి.

కొన్ని వారాలు ఆయన మొహం చూసే ధైర్యం రాలేదు. చివరికి ఒక ఆదివారం మౌలాలిలో వాళ్ళింటికి వెళ్ళాను. గుట్ట మీది దర్గా కనబడే సందులో చిన్న ఇల్లు, రైలు వెళ్ళినప్పుడల్లా మాటలు ఆపాల్సి వచ్చేది. నా వల్ల మీ ఉద్యోగం పోయిందన్నాను. కాదని అంటారనుకున్నాను, అనలేదు. పోయింది, బాధగానే ఉంది అన్నారు. టీ తాగమన్నారు. తర్వాత అడిగారు.

"గా పాప తల్లికి జెప్పినవా?"

లేదన్నాను.

"కాయితం మీద రాసినవ్, మంచిదే. ఆమెకు గూడ జెప్పు."

వెంటనే వెళ్ళి ఉండాల్సింది. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ రెండు నెలలు గడిపాను. వెళ్ళేసరికి అపార్ట్‌మెంట్లకు రంగులు కూడా వేసేశారు. రేకుల గదులు లేవు. ఆ చోట కార్లు నిలుపుతున్నారు. కూలీలు ఎటు వెళ్ళారని వాచ్‌మన్‌ను అడిగితే, ఎవరికి తెలుసమ్మా, ఇంకో బిల్డింగ్ దగ్గరికి పోయుంటారన్నాడు. షాపాయనకూ తెలియదు. దొరకలేదని సత్తయ్య సార్‌కు చెబితే ఆయన ఊరడించలేదు, తిట్టలేదు. ఆయన చనిపోయి ఇప్పటికి మూడేళ్ళయింది.

ఇప్పుడు లేబుళ్ళు సరిచూసే గదికి నేనే పెద్ద, నా కింద ఐదుగురు పనిచేస్తారు. తెర మీద రెండు కాగితాలు తప్ప మూడోది కనబడితే ఊరుకోననీ, చండశాసనురాలిననీ వాళ్ళు చాటుగా అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనీ. తప్పు దొరికిన రోజు ఎవరు ఒప్పుకున్నారో మొదటి వరుసలోనే రాయిస్తాను, నాదైనా సరే. పని వరకు ఆయన నేర్పింది నేర్చుకున్నాననే అనుకుంటున్నాను. ఆ పాపకు ఇప్పుడు బడికి వెళ్ళే వయసు వచ్చి ఉంటుంది. ఎక్కడో ఏ కొత్త బిల్డింగ్ పక్కనో సునీత ఆ రోజు సంగతి ఎవరికైనా చెప్పుకుంటూనే ఉంటుంది. ఆమె లెక్కలో ఈరోజుకీ ఆ రాత ప్రెస్సువాళ్ళదే.