ఆమె వేలు ఆగిన చోట

గోదావరిఖని కేబుల్ ఛానల్‌లో ఆమె వార్తలు చదివేది. ఛానల్‌కు సర్కారు నోటీసులు రాకుండా ముందే వార్తల్లో వాక్యాలు కొట్టేసే ఉద్యోగం నాది. కొట్టేసిన వాక్యం మీద ఆమె వేలు పెట్టి, దాన్ని చదవడానికి పట్టేంత సేపు ఊరుకునేది. అక్కడేదో కొట్టేశారని చూసేవాళ్లకు అర్థమయ్యేది.

గనిలో పైకప్పు కూలిన రోజు చనిపోయినవాళ్ల పేర్లు వచ్చాయి. అధికారులు ప్రకటించేదాకా పేర్లు చదవకూడదు.

"సారూ, మూడో పేరు మా తమ్మునిది. గిది గూడ కొట్టేస్తరా?" అని అడిగింది ఆమె.

ఎవరి ముందూ తల వంచని వంశం మాది. తల వంచుకునే కొట్టేశాను.

ఆ సాయంత్రం ఆమె వేలు మూడో పేరు మీదే ఉండిపోయింది. వార్తల సమయం ముగిసేదాకా నోరు విప్పలేదు.

"ఊకున్నా చెప్పినట్టే అయితాంది. రేపటి సంది రావద్దని చెప్పున్రి" అన్నాడు యజమాని. అదీ నేనే చెప్పాను.

ఇప్పుడు చదివే అమ్మాయి ఎక్కడా ఆగదు. నేను కొట్టేస్తూనే ఉన్నాను. ఊళ్లో ఎవరికీ తెలియదు.